ట్రాక్టర్‌కు రోటవేటర్ బిగించడం ఎలా? షాఫ్ట్ కొలత నుంచి మొదటి సాలు వరకు

"షాఫ్ట్ పొడవుగా ఉంది, ఎంత కోయాలి?" "రోటవేటర్ పైకి లేపగానే కటకటమని చప్పుడు వస్తోంది, ఎందుకు?" "బోల్టు రోజూ తెగుతోంది, ఇంకా గట్టిది వేయవచ్చా?" దుక్కులు మొదలయ్యాయంటే రైతుల నుంచి, డ్రైవర్ల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలివి. చాలాసార్లు వీటి వెనుక కనిపించే కారణం ఒకటుంది. రోటవేటర్‌ను కొన్న రోజున ట్రాక్టర్ శక్తిని దానికి అందించే షాఫ్ట్‌ను (ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాలు) ఒక ట్రాక్టర్‌కు సరిపోయేలా కోసి బిగిస్తారు. తర్వాత అది అద్దెకు పోతుంది, అన్నదమ్ముల మధ్య చేతులు మారుతుంది, లేదా పాత ట్రాక్టర్ అమ్మి కొత్తది కొంటారు. షాఫ్ట్ మాత్రం అదే. ట్రాక్టర్ మారిన ప్రతిసారీ షాఫ్ట్‌ను మళ్లీ కొలవాలి. ఈ వ్యాసంలో మరేదీ గుర్తులేకపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

ముందు ఒంటి మీది బట్టల సంగతి

పీటీవో, అంటే ట్రాక్టర్ వెనుక షాఫ్ట్‌ను తిప్పే ఇరుసు, నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9 చుట్లు. షాఫ్ట్ గొట్టం 5 సెంటీమీటర్ల మందం ఉంటే, దానికి చిక్కిన గుడ్డ సెకనుకు దాదాపు 1.4 మీటర్లు చుట్టుకుంటుంది. మెడలో వేసుకున్న రెండు మీటర్ల తువ్వాలు మొత్తం లోపలికి పోవడానికి సెకనున్నర చాలు. ఆ వ్యవధిలో ఎవరూ సీటు దగ్గరకు పరుగెత్తి ఇంజిన్ ఆపలేరు. అందుకే లుంగీ, పంచె, కండువా, వేలాడే చొక్కా కొస, చున్నీ, చీర కొంగు, విప్పిన జడ, ఇవేవీ తిరిగే షాఫ్ట్ దరిదాపుల్లో ఉండకూడదు. ప్యాంటు వేసుకుని, చొక్కా లోపలికి దోపుకుని, చెప్పుల బదులు బూట్లు తొడుక్కుని పనికి రండి. పిల్లలను ఆ చుట్టుపక్కల నుంచి పంపించేయండి.

కావలసినవి

టేపు, సుద్దముక్క, పానాల సెట్టు, సుత్తి, ఇనుము కోసే రంపం, ఆకురాయి, గ్రీజు గన్, ఒక పాత గుడ్డ, నాలుగైదు గట్టి చెక్క దిమ్మలు. లింకుల (ట్రాక్టర్ వెనుక రోటవేటర్‌ను పట్టుకునే చేతులు) పిన్నులు ఊడకుండా వేసే లించ్ పిన్నులు రెండు మూడు అదనంగా ఉంచుకోండి. షాఫ్ట్‌లో షేర్ బోల్టు (భారం ఎక్కువైతే ముందు తానే తెగి గేరుపెట్టెను కాపాడే బోల్టు) ఉండే రకమైతే కంపెనీ చెప్పిన కొలత, గ్రేడు ఉన్న బోల్టులు కొన్ని పెట్టెలో వేసుకోండి. పొలంలో బోల్టు తెగినప్పుడు చేతికి దొరికిన మేకు వేయాలనే ఆలోచన రాకుండా ఉండటానికి అదే మార్గం.

జత కుదిరిందో లేదో చూసుకోండి

మన దగ్గర ఎక్కువగా 35–40 హెచ్‌పీ ట్రాక్టర్లకు 5 అడుగుల రోటవేటర్, 45–50 హెచ్‌పీకి 6 అడుగులది వాడుతున్నారు. నల్లరేగడి నేలలో, గట్టిపడ్డ మాగాణి మడిలో ఒక సైజు తగ్గించుకుంటేనే మేలు. ట్రాక్టర్ వెనుక బయటికి కనిపించే పీటీవో ఇరుసుకు 6 పళ్లుంటే అది 540 వేగానిది, 21 పళ్లుంటే 1000 వేగానిది. సాధారణ రోటవేటర్ 6 పళ్ల 540 ఇరుసుకే. ఇక లింకు పిన్నులు. వీటి సైజులను కేటగిరీలంటారు: పెద్ద కేటగిరీలో కింది పిన్ను 28 మిల్లీమీటర్లు, చిన్న కేటగిరీలో 22. ట్రాక్టర్ రంధ్రం పెద్దదై పిన్ను చిన్నదైతే సరైన బుష్ వేయండి. ఆ సందులో పిన్ను ఊగుతుంటే కొన్ని రోజుల్లోనే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిపోతుంది.

1. రోటవేటర్‌ను నేల మీదే పరీక్షించండి

చదునైన, గట్టి నేల మీద నిలిపి ఉంచండి. బ్లేడుల బోల్టులను ఒక్కొక్కటిగా పానాతో బిగించి చూడండి. ఎల్ ఆకారపు బ్లేడులు కుడివి, ఎడమవి వేరువేరుగా ఉంటాయి. పదునైన అంచు రోటరు తిరిగే దిశకు ముందుండాలి. కొత్త బ్లేడులు వేసేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పకండి. ఒకటి విప్పి, దాని చోట అదే రకం బిగించి, తర్వాతి దానికి వెళ్లండి. అమరిక చెడితే రోటరు అంతా ఒకేసారి నేలను కొడుతుంది, ట్రాక్టర్ ఎగిరెగిరి పడుతుంది.

గేరుపెట్టెలోనూ, పక్కనున్న గేరు లేదా చెయిన్ పెట్టెలోనూ ఆయిల్ మట్టం చూడండి. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు చేరినట్టే. దమ్ములో వాడిన రోటవేటర్లలో ఇది మామూలు. సీలు మార్చి, ఆయిల్ మార్చాకే ముందుకు వెళ్లండి.

2. ట్రాక్టర్‌ను సిద్ధం చేయండి

ట్రాలీ లాగే డ్రాబార్ గానీ, హుక్కు గానీ షాఫ్ట్ దారిలో ఉంటే తీసేయండి. చాలామంది దీన్ని మరిచిపోతారు. రోటవేటర్ దించినప్పుడు షాఫ్ట్ తొడుగు దానికి రాసుకుని మొదటి రోజే పగులుతుంది. పక్క గొలుసులను వదులు చేయండి. పీటీవో లివరు న్యూట్రల్‌లో ఉంచండి. హైడ్రాలిక్‌ను పొజిషన్ కంట్రోల్‌తో (పెట్టిన ఎత్తులోనే నిలిపే లివరు) నడపండి. నాగలికి వాడే డ్రాఫ్ట్ కంట్రోల్ (లాగే భారాన్ని బట్టి లోతు మార్చేది) రోటవేటర్‌కు పనికిరాదు.

3. లింకులు తగిలించండి: ఎడమ, కుడి, పైన

ట్రాక్టర్‌ను నెమ్మదిగా వెనక్కి తీసుకురండి. ఈ సమయంలో ట్రాక్టర్‌కు, రోటవేటర్‌కు మధ్య ఎవరూ నిలబడకూడదు. "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ చేత్తో లింకు పట్టుకుని మధ్యలో నిలబడే అలవాటు ఊరూరా ఉంది. క్లచ్ మీద కాలు కాస్త జారితే ఆ మనిషి రెండు ఇనుముల మధ్య నలిగిపోతాడు. సైగ చేసే వ్యక్తి పక్కన, డ్రైవరుకు కనిపించే చోట ఉండాలి. లింకు రంధ్రాలు పిన్నుల ఎత్తుకు వచ్చాక గేరు న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకోండి. ఆ తర్వాతే మధ్యలోకి వెళ్లాలి.

సీట్లో కూర్చుని ముందుకు చూసేటప్పటి ఎడమ లింకును ముందు తగిలించండి. కుడి లింకుకు ఎత్తు సరిచేసే హ్యాండిల్ ఉంటుంది కాబట్టి దాన్ని తర్వాత తిప్పి కలపడం తేలిక. చివర టాప్ లింకు. ప్రతి పిన్నుకు లించ్ పిన్ను వేయండి. కట్టు తీగ, వంచిన మేకు ఒక్క కుదుపుకు ఊడిపోతాయి.

4. వాటం చూసుకోండి

రోటవేటర్‌ను కాస్త లేపి, ట్రాక్టర్ మధ్యకు వచ్చేలా జరిపి, రెండు గొలుసులూ బిగించండి. చేత్తో ఊపితే రెండు మూడు సెంటీమీటర్లు కదలవచ్చు, అంతకు మించకూడదు. ఎడమ, కుడి వైపులు నేలకు సమానమైన ఎత్తులో ఉండేలా కుడి లింకు హ్యాండిల్ తిప్పండి. తర్వాత పని చేసే లోతుకు దించి, టాప్ లింకును పొడిగిస్తూ, తగ్గిస్తూ గేరుపెట్టె ఇరుసును పీటీవో ఇరుసుకు సమాంతరంగా తీసుకురండి. పక్కన కూర్చుని కంటితో చూసినా తెలుస్తుంది. ఫోనులో వాలు చూపే యాప్ ఉంటే ముందు ఒక ఇరుసు మీద, తర్వాత రెండోదాని మీద ఆనించి చూడండి. రెండు అంకెలూ దగ్గరగా ఉండాలి.

5. షాఫ్ట్ కొలవండి

ఇది తొందరపడకూడని చోటు. రోటవేటర్ లేస్తూ దిగుతూ ఉంటే రెండు ఇరుసుల మధ్య దూరం మారుతూ ఉంటుంది. అవి ఒకదానికొకటి అతి దగ్గరగా వచ్చే ఎత్తు ఒకటి ఉంటుంది. షాఫ్ట్ ఇంకా తగిలించకుండానే రోటవేటర్‌ను కొద్దికొద్దిగా లేపుతూ, ప్రతి ఎత్తులోనూ ఇంజిన్ ఆపి టేపుతో కొలిచి ఆ చోటు కనిపెట్టండి. కొలిచే ప్రతిసారీ రోటవేటర్ కింద చెక్క దిమ్మలు పెట్టండి. ఇంజిన్ ఆగి ఉన్నా లివరుకు చేయి తగిలితే రోటవేటర్ ఒక్కసారిగా దిగిపోతుంది. దాని బరువు క్వింటాళ్లలో ఉంటుంది.

ఇప్పుడు షాఫ్ట్‌ను రెండుగా లాగి విడదీయండి. ప్లాస్టిక్ తొడుగు మీద ట్రాక్టర్ బొమ్మ ఉన్న సగం ట్రాక్టర్ వైపు. షేర్ బోల్టు లేదా స్లిప్ క్లచ్ (భారం ఎక్కువైతే జారే క్లచ్) ఉన్న సగం రోటవేటర్ వైపు. అతి దగ్గరి స్థితిలో రెండు సగాలనూ వాటి ఇరుసులకు తగిలించి, ఒకదాని పక్కన ఒకటి పట్టుకోండి. ఒక గొట్టం కొస రెండో సగం యోక్ (షాఫ్ట్ చివర రెండు చెవులతో ఉండే ముక్క) దగ్గర గంటలా విప్పారిన తొడుగు కొసకు తగలకుండా కనీసం 2.5 నుంచి 4 సెంటీమీటర్ల సందు మిగలాలి. సందు మిగిలితే కోయాల్సిన పని లేదు. మిగలకపోతే ఎంత ఎక్కువుందో సుద్దతో గుర్తు పెట్టండి.

6. కోయాల్సి వస్తే

నాలుగు కోతలు, ఒకే కొలత. ఉదాహరణకు 6 సెంటీమీటర్లు ఎక్కువ ఉంటే లోపలి గొట్టంలో 6, బయటి గొట్టంలో 6, రెండు ప్లాస్టిక్ తొడుగుల్లోనూ ఒక్కోదాంట్లో 6. లోపలి గొట్టాన్ని మాత్రమే కోసి ఊరుకుంటే బయటి గొట్టం వెళ్లి యోక్‌కు తగులుతుంది. రంపంతో నిటారుగా కోయండి. గ్రైండర్‌తో అయితే కళ్లద్దాలు పెట్టుకోండి. గ్యాస్ కటింగ్ వద్దు, వేడికి గొట్టం వంకర పోతుంది. కోసిన అంచులను లోపలా బయటా ఆకురాయితో నున్నగా రుద్ది, రజను తుడిచి, లోపలి గొట్టానికి గ్రీజు రాసి కలపండి. చేత్తో లాగితే ఎక్కడా పట్టేయకుండా జారాలి.

తర్వాత రెండో హద్దు చూడండి. పనిలో షాఫ్ట్ ఎక్కువగా సాగే స్థితిలో కూడా గొట్టాలు ఒకదానిలో ఒకటి కనీసం మూడో వంతు పొడవు దూరి ఉండాలి. అంత దూరకపోతే ఆ షాఫ్ట్ ఈ ట్రాక్టర్‌కు పొట్టిది. దానికి ముక్క వెల్డింగ్ చేయించకండి, పొడవైన షాఫ్ట్ తెచ్చుకోండి. వెల్డింగ్ చేసిన గొట్టం ఏ కొంచెం వంకరున్నా సెకనుకు 9 చుట్ల వేగంలో కొట్టుకుంటుంది. విరిగిన ముక్క డ్రైవరు వైపే ఎగరవచ్చు.

7. షాఫ్ట్ బిగించండి

- గొట్టాల చివర ఉన్న రెండు లోపలి యోక్‌ల చెవులు ఒకే వరుసలో ఉండాలి. షాఫ్ట్‌ను బల్ల మీద పడుకోబెట్టి చూస్తే తెలుస్తుంది. చతురస్రం, త్రికోణం ఆకారపు గొట్టాలను తప్పు వాటంలో దూర్చే వీలుంది. అలా దూర్చితే క్రాసులు (యోక్‌లను కలిపే కీళ్లు) కొత్తవైనా వణుకు మొదలవుతుంది.
- ఇరుసు పళ్లను గుడ్డతో తుడిచి, పల్చగా గ్రీజు రాయండి. లాక్ పిన్ను నొక్కి యోక్‌ను లోపలికి తోయండి. పిన్ను గాడిలో పడినప్పుడు టక్కుమంటుంది. ఆ శబ్దాన్నే నమ్ముకోకుండా యోక్‌ను రెండు చేతులతో వెనక్కి గట్టిగా లాగండి. రాకూడదు. పిన్ను మొత్తం బయటికి వచ్చిందో లేదో కంటితో కూడా చూడండి. రెండు చివర్లలోనూ ఇలాగే.
- సుత్తితో కొట్టి ఎక్కించకండి. ఎక్కకపోతే పళ్లలో మట్టి ఉంది, లేదా పళ్లు దెబ్బతిన్నాయి.
- ప్లాస్టిక్ తొడుగుకు ఉన్న సన్నటి గొలుసులను కదలని భాగాలకు తగిలించండి. ఒకటి ట్రాక్టర్‌కు, ఒకటి రోటవేటర్‌కు. ఎత్తినా దించినా లాగబడనంత వదులు ఉంచండి. ఈ గొలుసులే తొడుగు షాఫ్ట్‌తో పాటు తిరగకుండా ఆపేవి. లేకుంటే తొడుగు ఉండీ లేనట్టే.
- ట్రాక్టర్ పీటీవో మీది రేకు కప్పు, గేరుపెట్టె ఇరుసు చుట్టూ ఉండే కప్పు మళ్లీ బిగించండి.

8. నెమ్మదిగా లేపి దించి చూడండి

పీటీవో వేయకుండానే రోటవేటర్‌ను అంగుళం అంగుళంగా పైకి లేపండి. మరొకరు పక్కన దూరంగా నిలబడి షాఫ్ట్‌ను గమనించాలి. గొట్టం ఎక్కడైనా చివరికి తగిలి బిగుసుకుంటోందా? తొడుగు లింకుకు గానీ, రోటవేటర్ చట్రానికి గానీ రాసుకుంటోందా? రోటవేటర్ వెనుక సీటుకో, టైరుకో తగులుతోందా? ఎంత ఎత్తు దాకా సాఫీగా ఉందో అక్కడే పొజిషన్ లివరు పట్టీ మీది స్టాపరును బిగించండి. తర్వాత ఆదమరిచి లివరు లాగినా అంతకు మించి లేవదు.

లేపినప్పుడు స్టీరింగు కూడా తిప్పి చూడండి. ముందు చక్రాలు తేలికైనట్టు అనిపిస్తే ముందు బరువులు వేయాలి. మనిషిని బానెట్ మీద కూర్చోబెట్టడం దానికి పరిష్కారం కాదు.

9. ఖాళీగా తిప్పండి

బ్లేడులు నేలకు కాస్త పైన ఉండాలి. వెనుక, పక్కల ఎవరూ లేరని చూసుకోండి. ఇంజిన్‌ను తక్కువ వేగంలో ఉంచి క్లచ్ నొక్కి పీటీవో వేయండి, క్లచ్ మెల్లగా వదలండి. కొన్ని ట్రాక్టర్లలో పీటీవో లివరుకు రివర్స్, గ్రౌండ్ స్పీడ్ స్థానాలు కూడా ఉంటాయి. రోటవేటర్ పనికి మామూలు 540 స్థానమే వాడండి. తర్వాత మీటరులో 540 గుర్తు దాకా వేగం పెంచండి. రెండు మూడు నిమిషాలు తిప్పి, పీటీవో తీసి, ఇంజిన్ ఆపి, రోటరు పూర్తిగా ఆగాకే దిగండి.

క్రాసులనూ గేరుపెట్టెనూ చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే మంచిదే. చేయి ఆనించలేనంత వేడిగా ఉంటే వాటం, గ్రీజు, ఆయిల్ మళ్లీ చూడాలి.

10. మొదటి సాలు

తిరుగుతున్న రోటవేటర్‌ను మెల్లగా నేలలోకి దించుతూ ముందుకు కదలండి. నేలలో దిగి ఉన్న రోటవేటర్‌కు పీటీవో వేస్తే షేర్ బోల్టు తెగుతుంది, లేదా అంతకంటే ఖరీదైనది తెగుతుంది. మొదటి విడత 2–3 అంగుళాల లోతుతో మొదలుపెట్టి, పక్కల ఉన్న స్కిడ్లతో (నేల మీద జారే పట్టీలు) లోతు సరిచేసుకోండి. మలుపు దగ్గర పీటీవో తీసి లేపడం అన్నిటికంటే మంచిది. తీయలేని పరిస్థితిలో బ్లేడులు నేలకు జానెడు మించి లేవనివ్వకండి. దించి ఉంచి మలుపు తిప్పితే లింకులు మెలి తిరుగుతాయి.

ఓ ఇరవై అడుగులు దున్ని ఆపి, దిగి చూడండి. రెండు పక్కలా లోతు ఒకేలా ఉందా? పుల్ల గుచ్చి చూస్తే తెలుస్తుంది. ఒక వైపు ఎక్కువైతే కుడి లింకు హ్యాండిల్ తిప్పండి. మట్టి పెళ్లలుగా మిగిలితే ముందుకు వెళ్లే వేగం తగ్గించండి, లేదా వెనుక రేకును దించండి.

చప్పుడు వస్తే ఏం చూడాలి

లేపినప్పుడు మాత్రమే కటకట: షాఫ్ట్ వంపు ఎక్కువైంది. పనిలో వంపు 25 డిగ్రీల లోపే ఉండాలి. స్టాపరు కిందికి జరపండి, టాప్ లింకు సరిచేయండి.

దించినా లేపినా వణుకు: యోక్‌ల వరుస తప్పింది, క్రాసు అరిగింది, లేదా రోటరుకు ఒక వైపు బ్లేడు ఊడిపోయింది. పత్తి కట్టె దున్నిన చేలలో డ్రిప్ పైపు ముక్కలు, పురికొస రోటరుకు చుట్టుకున్నా ఇలాగే ఉంటుంది. వాటిని తీసేటప్పుడు ఇంజిన్ ఆగి ఉండాలి, కింద దిమ్మలు ఉండాలి.

షేర్ బోల్టు పదేపదే తెగడం: రాళ్లు, ఎక్కువ లోతు, లేదా పీటీవోను ఎక్కువ వేగంలో ఒక్కసారిగా వేయడం. కారణం వెతకండి. గట్టి బోల్టు వేస్తే బోల్టు తెగదు నిజమే, దాని బదులు గేరుపెట్టెలో పళ్లు రాలుతాయి.

ఎత్తినప్పుడు గట్టిగా టక్కుమని దెబ్బ: షాఫ్ట్ చివరికి తగులుతోంది. వెంటనే ఆపి 5వ మెట్టు దగ్గరికి తిరిగి వెళ్లండి. ఆ దెబ్బ ప్రతిసారీ పీటీవో బేరింగు మీద పడుతోంది.

తొడుగు తీసేసిన షాఫ్ట్ గురించి

గ్రీజు పెట్టడానికి అడ్డమని చాలా షాఫ్ట్‌లకు తొడుగు కోసి పారేస్తున్నారు. పగిలితే కొత్తది కొనడం లేదు. షాఫ్ట్ కంపెనీలు తొడుగులను విడిగా అమ్ముతాయి. గొట్టం ఆకారం, పొడవు చెబితే విడిభాగాల దుకాణంలో దొరుకుతాయి. రోటవేటర్‌ను అద్దెకు తెచ్చుకునే రైతులు కూడా గట్టిగా అడగాలి: "అన్నా, తొడుగు ఉందా, గొలుసులు ఉన్నాయా?" లేకపోతే ఆ రోజుకు పని ఆపడమే మంచిది. అలాగే బరువు కోసం రోటవేటర్ మీద మనిషిని కూర్చోబెట్టడం, మడ్‌గార్డు మీద పిల్లవాడిని ఎక్కించుకోవడం దయచేసి మానండి. గతుకు వచ్చిన చోట జారితే పడేది బ్లేడుల ముందే.

పని గంటల్లో, పని అయ్యాక

మొదటి గంట తర్వాత ఇంజిన్ ఆపి బ్లేడు బోల్టులు, లింకు పిన్నులు మళ్లీ చూడండి. కొత్త బోల్టులు ఆ గంటలోనే వదులవుతాయి. తర్వాత ప్రతి 8 గంటలకు క్రాసులకు, గొట్టానికి, తొడుగు బేరింగులకు గ్రీజు పెట్టండి.

విప్పేటప్పుడు వరుస తిరగబడుతుంది. చదునైన చోట రోటవేటర్‌ను దించి, స్టాండు పెట్టి, ఇంజిన్ ఆపి, ముందు షాఫ్ట్, తర్వాత టాప్ లింకు, కుడి లింకు, చివర ఎడమ లింకు. షాఫ్ట్‌ను ట్రాక్టర్ వైపు విప్పాక నేల మీద పడేయకుండా రోటవేటర్‌కు ఉన్న కొక్కెం మీద ఆనించండి, లేదా పూర్తిగా తీసి నీడలో పెట్టండి. ఇంట్లో రెండు ట్రాక్టర్లు ఉంటే, ఏ షాఫ్ట్ ఏ ట్రాక్టర్ కొలతకు కోసిందో దాని తొడుగు మీద పెయింటుతో రాసి ఉంచండి.